దించేసిన బరువు

క్రిందటి వారం మనం పెద్దల్లుడిని పికప్ బండి క్యాబిన్‌లో, స్టీరింగ్ కింద ముడుచుకుని కూర్చోబెట్టి మన పనుల మీద మనం పోయాం. పాపం, మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం, పైన రేకుల షెడ్డు, ఒంటి మీద పొడి చోటు లేదు. చేతిలో పెద్ద స్పానరు. దొంగని కొట్టడానికి తెచ్చుకున్నాడు గానీ, ఈపాటికి అది ఎత్తే ఓపిక కూడా పోయింది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళుంటే వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళని చేసుకున్న తోడల్లుళ్ళిద్దరు కలిసి ఒక పికప్ కొనుక్కుని, ఇళ్ళకీ ఆఫీసులకీ మంచినీళ్ళ క్యాన్లు వేస్తుంటారు. అత్తవారి వీధిలోనే పక్కపక్క వాటాల్లో కాపురాలు. అందుకని వీధి మొత్తానికి ఒకడు పెద్దల్లుడు, ఇంకొకడు చిన్నల్లుడు. పెద్దవాడు బండి తోలతాడు. చిన్నవాడు భారీ మనిషి, మెట్లెక్కి క్యాన్లు మోసే పని అతనిది. డీజిల్ ధర ఎక్కడం మొదలుపెట్టాక పెద్దల్లుడికి మైలేజీ పిచ్చి పట్టింది. బండిని తేలిక చెయ్యాలని ఒక్కొక్కటే దించుతూ పోయి, చివరికి చిన్నల్లుడిని కూడా దించేశాడు. అతను దిగిన వారం నుంచి మైలేజీ మహా బాగా పెరిగింది. ఇంతలో ట్యాంకు మూత దగ్గర తడి కనపడింది. ఎవడో ఆయిల్ తీస్తున్నాడు. డ్రైవర్ల నోట్లో డీజిల్ అంటే ఆయిలే. తాను అన్నం తిని కునుకు తీసే వేళే దొంగ వస్తున్నాడని ఊహించి, ఇంట్లో పడుకున్నట్టు నటించి, పెరటి దారిన వచ్చి దాక్కున్నాడు. ట్యాంకు మూత కిర్రుమంది. అక్కడే మనం ఆగింది.

పెద్దల్లుడు తలుపు మెల్లగా తోసి కిందికి దిగబోయాడు. నడుము పట్టేసింది. చిన్నల్లుడిని దించినప్పటి నుంచి క్యాన్లన్నీ తనే మోస్తున్నాడు మరి. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి స్పానరు మీద పెట్టుకుని, దొంగని పట్టుకోవలసినవాడు ముసలాడిలా వంగి బండి చుట్టూ తిరిగి వచ్చాడు.

అక్కడ తన మరదలు ఉంది. చిన్నల్లుడి భార్య. కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి సరాసరి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ట్యాంకులో వంటింటి గరాటు పెట్టి, చంకన చిన్న ప్లాస్టిక్ క్యాన్ ఇరికించుకుని వంగి ఉంది.

"నువ్వా" అన్నాడు పెద్దల్లుడు.

ఆమె ఉలిక్కిపడింది గానీ వెనక్కి తిరగలేదు.

"ఒక్క నిమిషం ఆగు బావా. ఇప్పుడు కదిపితే కింద పోతుంది" అంది.

పెద్దల్లుడికి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో మనిషే. అదీ పట్టపగలు. పైగా ఆగమంటోంది.

"ఎన్నాళ్ళ నుంచి తీస్తున్నావ్?"

"తీయడమేంటి? సరిగ్గా చూడు. పోస్తున్నాను."

అతను చూశాడు. చూసింది బుర్రకెక్కడానికి కాస్త టైం పట్టింది. క్యాన్‌లోది గరాటులోకి పోతోంది, గరాటులోది ట్యాంకులోకి పోతోంది. గుటగుటమని చప్పుడు కూడా వినిపిస్తోంది. ఊళ్ళో ఇంతమంది ఆయిల్ దొంగలుండగా, ట్యాంకులో ఆయిల్ పోసిపోయే దొంగ ఒకతి ఉంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"అంటే... నా మైలేజీ..." అన్నాడు.

ఆమె చివరి చుక్క దాకా వంచి, ఖాళీ క్యాన్ ఎత్తి చూపించింది.

"నీ మైలేజీ ఇదే బావా."

పెద్దల్లుడు అక్కడే బోర్లించి ఉన్న డబ్బా మీద కూలబడ్డాడు. ఆ ఒక్క ముక్కతో మనిషిలో గాలి పోయింది. పోదా మరి. మైలేజీ కోసం ఈ మనిషి పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కాదు. టాపు మీది ఇనప క్యారియరు కోయించేశాడు. టూల్ బాక్సు దించేశాడు. ఎక్స్‌ట్రా టైరు గాలికి ఎదురు తిరుగుతోందని కిందికి మార్పించాడు. పట్టా గాలికి ఉబ్బకుండా తాళ్ళతో బిగించాడు. టైర్లలో గాలి వారం వారం చూపించాడు. యాక్సిలరేటర్ మీద కాలు నిద్రపోయే పసిపిల్ల మీద చెయ్యేసినట్టు వెయ్యడం నేర్చుకున్నాడు. వెనకాల ఆటోలవాళ్ళు తిట్టినా సరే, ముందున్న సిగ్నల్ ఎర్రబడేలా ఉంటే అంత దూరం నుంచే కాలు తీసేసి, బండిని దాని మానాన దాన్ని పోనిచ్చేవాడు. ఇంట్లో ఫ్యాన్ రెండో నంబరు దాటితే ఒప్పుకునేవాడు కాదు. ఈయనతో కాపురం కూడా న్యూట్రల్‌లోనే నడుస్తోందని పెళ్ళాం చెల్లెలితో చెప్పుకుని నవ్వేది. నవ్వనీ అనుకున్నాడు. పెట్రోలు బంకులో నలుగురు డ్రైవర్లు చుట్టూ చేరి, ఎలా సాధించావన్నా, మాకూ చెప్పు అని అడుగుతుంటే ఇవన్నీ మర్చిపోయేవాడు.

"అసలేమీ పెరగలేదా?" అన్నాడు చివరికి. గొంతులో బతిమాలుడు తనకే వినిపించింది.

"పెరక్కేం. క్యారియరు తీశాక కొంచెం పెరిగింది, మెల్లగా తోలడం మొదలెట్టాక ఇంకొంచెం. అప్పట్లో నేనేం పొయ్యలేదు, అది నీదే. ఆయన దిగాక పెరిగిందే నాది" అంది మరదలు. గరాటు తీసి చక్రం పక్కన పెట్టి, గుడ్డతో తుడిచి మూత బిగించింది. "మొదటి వారం తెలీక ఎక్కువ పోసేశాను. నువ్వు వీధి మధ్యలో ఎగిరి గంతేశావ్ చూడు, అప్పుడు భయమేసింది. తర్వాత తగ్గించుకున్నాను."

"ఎందుకే ఇదంతా? బండి అమ్మేస్తానేమో అని భయపడ్డావా?"

"బండి అమ్మేస్తే నాకు పండగ."

"మరి?"

మరదలు మెడలో టేపు తీసి వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. చుట్టడం పూర్తయింది. మళ్ళీ విప్పింది. పెద్దల్లుడికి ఏదో కీడు తోచింది. ఈ పిల్లని పెళ్ళినాటి నుంచి చూస్తున్నాడు, మాటకి వెతుక్కునే రకం కాదు.

"ఆయనకి గుండె బాలేదు బావా" అంది.

రేకుల మీద కాకి ఒకటి గోళ్ళతో గీకుతోంది.

"ఎవరికి?" అన్నాడు, తెలిసి కూడా.

"ఆ నాలుగంతస్తుల మేడలో, మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడే ఒకరోజు. నీకు గ్యాస్ పట్టిందని చెప్పాడు. గ్యాస్ కాదు. సాయంత్రం నేనే ఆస్పత్రికి లాక్కెళ్ళాను. బరువెత్తకూడదన్నాడు డాక్టరు. ఈసారి మెట్ల మీద కూర్చుంటే లేవడం మన చేతుల్లో ఉండదు అన్నాడు."

పెద్దల్లుడికి ఆ రోజు గుర్తుంది. గుర్తుండకపోతే బాగుండును. అతను కిందే ఉన్నాడు, బండిలో. ఇంజన్ ఆపితే మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడు ఎక్కువ తాగుతుందేమో, ఆపకపోతే ఊరికే తాగుతుందేమో అని తేల్చుకోలేక చిరాకు పడుతున్నాడు. తల బయటికి పెట్టి మేడ వైపు అరిచాడు. ఏం చేస్తున్నావురా అక్కడ, కింద ఆయిల్ తగలబడిపోతోంది, త్వరగా తగలడు అని. పైనుంచి కాసేపటికి వస్తున్నా అన్నా అని వినపడింది. ఆ గొంతు మామూలుగానే ఉందనుకున్నాడు అప్పుడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అన్నకి ముందే నడుం నొప్పి, నేను మానేస్తే ఒక్కడే చావాలి, బండి ఆగిపోతుంది అంటాడు. నేను చెప్తే వినడు, డాక్టరు చెప్తే వినడు. నువ్వు చెప్తే మాత్రం గోతిలో దూకమన్నా దూకుతాడు." ఆమె టేపు మళ్ళీ చుట్టింది. "అప్పుడే కదా మా వాకిట్లో కూర్చుని అన్నావ్. వీడొక్కడు దిగితే చాలు, బండి గాల్లో తేలుతుంది అని. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. నాకు మాత్రం దారి దొరికినట్టయింది. వారం రోజులు దింపి చూస్తానన్నావ్ నువ్వు. ఆ వారంలో మైలేజీ పెరక్కపోతే మళ్ళీ ఎక్కించుకుంటావని, పెరిగేలా చూశాను. అంతే."

పెద్దల్లుడు తల వంచుకుని చేతిలో స్పానరు వంక చూస్తూ కూర్చున్నాడు. సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఒళ్ళు చచ్చిపోయే సిగ్గు. దించడమైతే ఆమె చేయించింది. కానీ బంకులో నలుగురి ముందూ, మా బండిలో డీజిల్ తాగే మనిషి ఒకడుండేవాడు, దించేశాను అన్నది ఎవరు? ఆ మాట అన్నప్పుడు చిన్నల్లుడు అక్కడే ఉన్నాడు. సైకిల్ టైరుకి గాలి పట్టించుకుంటున్నాడు. అందరి కంటే ముందు నవ్వింది అతనే.

"ఇప్పుడు సుఖంగానే ఉన్నాడుగా" అంది మరదలు, తనకు తానే నచ్చజెప్పుకుంటున్నట్టు. "నీళ్ళ ప్లాంటులో కూర్చుని క్యాన్లకి సీళ్ళు వేస్తున్నాడు. జీతం కొంచెమే అనుకో. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంటాడు, ఊరికే కూర్చుంటే ఏం పడుతుంది అంటాడు. పట్టకపోతే మానె. ఉంటే చాలు."

పెద్దల్లుడు తలెత్తి చూసేసరికి ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

ఇక్కడిదాకా విన్నాక అసలు సంగతి చెప్పకుండా ఉండడం అతని వల్ల కాలేదు.

"నేనొక పని చేసొచ్చాను అమ్మాయ్. కొండమీది కొత్త ఆఫీసుకి మాటిచ్చాను. ఏడాదంతా నీళ్ళు మేమే వేస్తాం, డీజిల్ ఎంత పెరిగినా మా రేటు పెరగదు అని. ఈ మైలేజీ చూసుకునే ఆ రేటు చెప్పాను. ఆ కొండ రోడ్డుకి, ఆ రేటుకి, నిజం మైలేజీతో బండి నడిపితే ప్రతి ట్రిప్పూ చేతి నుంచి పడుతుంది."

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సంతకం పెట్టేశావా?"

"లేదు. రేపు రమ్మన్నాడు."

"అయితే రేపు పోయి గిట్టదని చెప్పెయ్."

"చెప్పేస్తాను. నువ్వింక పొయ్యకు."

"పోయాలన్నా నా దగ్గరేముంది. బ్లౌజులు కుట్టిన డబ్బులు బంకుకి తీసుకుపోతే, మొదట్లో క్యాన్ నిండేది. ఇప్పుడు అడుగు తడుస్తోంది. ఈ ధర ఎవరి కోసం ఆగుతుంది?" అని నిట్టూర్చింది. తర్వాత అతని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఆయనకి మాత్రం తెలియనివ్వకు బావా. పెళ్ళామే తనని దింపించిందని తెలిస్తే తట్టుకోలేడు. అంతకంటే ముందు, తన బరువు వల్ల కాదని తెలిసిన మరుక్షణం మళ్ళీ బండెక్కి కూర్చుంటాడు. అక్క మీద ఒట్టు."

పెళ్ళాం మీద ఒట్టు. పెద్దల్లుడు తలాడించాడు. అలసిపోయిన మనిషి దేనికైనా తలాడిస్తాడు. రేపు ఆఫీసుకి పోయి చేతులు జోడించి వచ్చేస్తే ఒక పీడ వదులుతుంది. మోత సంగతి మెల్లగా ఎవరినైనా చూసుకోవచ్చు. నడుము ఉన్నన్నాళ్ళు తనే మోస్తాడు. అలా అనుకునేసరికి కొంచెం ఊపిరాడింది.

"అన్నా" అని పెరటి వైపు నుంచి కేక.

చిన్నల్లుడు. ఎండలో నడిచొచ్చాడేమో, చొక్కా ఒంటికి అంటుకుపోయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. చేతిలో మడిచిన కాగితం ఒకటి విసనకర్రలా ఊపుకుంటున్నాడు. మరదలు చప్పున క్యాన్ వీపు వెనక పెట్టుకుంది. గరాటు మాత్రం బండి చక్రం పక్కన అలాగే ఉండిపోయింది.

"నువ్వు నిద్రపోతున్నావంది వదిన. ఇక్కడున్నావా? ఒక మంచి మాట చెప్తా విను" అన్నాడు చిన్నల్లుడు, ఊపిరి అందుకుంటూ. "కొండమీది ఆఫీసాయన ప్లాంటుకి ఫోన్ చేశాడు. బండి ఎవరి పేరున ఉందో వాళ్ళే సంతకం పెట్టాలంట. బండి కొన్నప్పుడు నీకు జ్వరమొచ్చి, కాగితాలు నా పేరున అయ్యాయి చూడు, అది ఇన్నాళ్ళకి పనికొచ్చింది. నిన్ను తిప్పడం ఎందుకని నేనే పోయి పెట్టేసి వచ్చా."

పెద్దల్లుడు ఏదో అనబోయాడు.

"ఇంకోటి. అక్కడ లిఫ్టు మనుషులకేనంట, క్యాన్లకి ఇవ్వరంట. పైకి మోత ఎవరిది అని అడిగాడాయన. మా అన్నకి నడుం నొప్పి, మోత నాది అని రాయించా."

"నువ్వా?" అంది భార్య.

"నేనే. బండెక్కనులే అన్నా, నాకు తెలీదా" అని నవ్వాడు చిన్నల్లుడు. ఆ నవ్వులో దెప్పుడు లేదు, కోపం లేదు. అదే పెద్దల్లుడికి ఎక్కువ గుచ్చుకుంది. "బండెక్కితేనే కదా నేను బరువు. పొద్దున్నే నడుచుకుంటూ పోతా, నువ్వు క్యాన్లు తెచ్చేసరికి అక్కడుంటా. మెట్ల మీద నేనెంత బరువున్నా నీ ఆయిల్ ఖర్చవదుగా."

అతను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. అప్పుడు చక్రం పక్కన గరాటు కనపడింది. వంగి తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. భార్య వీపు వెనక దాచిన చెయ్యి పట్టుకుని మెల్లగా ముందుకి లాగాడు. క్యాన్ బయటికొచ్చింది.

నవ్వు పోయింది.

"ఎన్నాళ్ళ నుంచి తీస్తున్నావ్?" అన్నాడు.

కాసేపటి క్రితం పెద్దల్లుడు అడిగిన మాటే, అక్షరం పొల్లుపోలేదు. తీయడం కాదురా, పోయడం అని చెప్పడానికి పెద్దల్లుడు నోరు తెరిచాడు. మరదలు అతని వంక చూసింది. ఒట్టు గుర్తుచేసే చూపు అది. తర్వాత తల వంచుకుని, "చాలా రోజుల నుంచే" అంది.

చిన్నల్లుడు అరిచి ఉంటే బాగుండేది. చెయ్యి ఎత్తినా ఏదో ఒకటి అని అడ్డుపడే వీలుండేది. అతను గరాటు తీసుకెళ్ళి బండి బానెట్ మీద జాగ్రత్తగా పెట్టాడు. పెద్దల్లుడి వైపు తిరిగాడు గానీ కళ్ళలోకి చూడలేకపోయాడు.

"నన్ను మోసింది చాలక, నా ఇంటిదాన్ని కూడా మోసిందన్న మాట నీ బండి. పోయిన ఆయిల్ అంతా నా మోతలో పట్టుకో అన్నా. ఆఫీసు మోతకి నాకేమీ ఇవ్వొద్దు. ఇప్పుడు సాయంత్రం ట్రిప్పు కూడా నేనే లోడు చేస్తా, నువ్వు కూర్చో."

షెడ్డు గోడ వారన నిండు క్యాన్లు వరసగా ఉన్నాయి. చిన్నల్లుడు మొదటిదాని మెడ పట్టుకుని ఒక్క ఊపులో భుజానికి ఎత్తుకున్నాడు. మరదలి చేతిలోంచి ఖాళీ క్యాన్ జారి నేల మీద దొర్లింది.

"దించు" అన్నాడు పెద్దల్లుడు.

అతను వినిపించుకోలేదు. బండి వైపు రెండడుగులు వేశాడు.

"దించరా. ముందది దించు, నీకో మాట చెప్పాలి. ఒట్టూ లేదు గిట్టూ లేదు, నువ్వు బరువు కాదురా, ఎప్పుడూ కాదు..."

చిన్నల్లుడు ఆగాడు. మెల్లగా ఇటు తిరిగాడు. క్యాన్ ఇంకా భుజం మీదే ఉంది. ఏంటన్నా నువ్వనేది అని అడగబోయినట్టు పెదవులు కదిలాయి. ఖాళీగా ఉన్న రెండో చెయ్యి మెల్లగా పైకి లేచి, చొక్కా గుండీల మీదుగా ఎడమ వైపుకి వెళ్ళి, అక్కడే నొక్కుకుని ఉండిపోయింది.